భాషయందలి దంభము

పతంజలి మహాభాష్యమున ఒక సారథి కథ కలదు. వైయాకరణుడొకడు రథమును చూచి, దీనిని నడపువాడెవడని అడుగదలచి, సూత్రానుసారముగా 'ప్రవేత' యను శబ్దమును ప్రయోగించెను. సారథి ముందుకు వచ్చి తాను 'ప్రాజిత'నని బదులు చెప్పెను. అది అపశబ్దమని పండితుడనెను. ఈ మహానుభావునకు సూత్రము ఎంతదూరము ప్రాకునో తెలియును గాని, లోకమునకు ఇష్టమైన రూపమేదో తెలియదని సారథి అనెను. పండితునకు కోపము వచ్చెను. సూతశబ్దమును విరిచి సారథిని నిందింపబోయి 'దురుత' మను మాటను కల్పించెను. సారథి అంతటితో విడువలేదు. సూతశబ్దము వేఞ్ ధాతువువలన పుట్టినది కాదు, సూ ధాతువువలన పుట్టినది, నన్ను తిట్టవలెనన్నచో 'దుస్సూతు'డని తిట్టవలెను అని వ్యుత్పత్తిని సవరించెను. అజధాతువునకు వీ యను ఆదేశమును విధించు సూత్రము క్రింద ఈ కథ వచ్చును.

వ్యాకరణపాఠమున ఈ ఘట్టము వచ్చినపుడు గురువులును శిష్యులును నవ్వుదురు. నవ్వి తరువాతి సూత్రమునకు పోవుదురు. ఇచట కొంచెము నిలువవలెనని నా మనవి. వ్యాకరణశాస్త్రమునకు ప్రమాణగ్రంథమైన దానియందు, వైయాకరణుడు రథము తోలువానిచేత ఓడిపోయిన కథను, వైయాకరణులలో అగ్రగణ్యుడే ఎందులకు చేర్చెను? ఆ పండితుని దోషము శాస్త్రము తెలియకపోవుట కాదు. తెలిసిన శాస్త్రమును పదుగురిలో ప్రదర్శింపబోవుట. బాట మీద నిలిచి, రథము తోలువాని యెదుట, అవసరము లేని చోట సూత్రమును వెలికి తీసెను. తిట్టవలసి వచ్చినపుడును వ్యుత్పత్తితో తిట్టబోయెను. దీనికే దంభమని పేరు.

ఆ భాష్యకారుడే మరియొకచోట, కుండ కావలసినవాడు కుమ్మరి ఇంటికి పోయి కుండ చేయుమనును గాని, మాటలు కావలసినవాడెవడును వైయాకరణుని ఇంటికి పోయి మాటలు చేసి యిమ్మనడని చెప్పినాడు. శబ్దము లోకమునందు ముందే ఉన్నది. వ్యాకరణము దానిని చూపును. అట్లయిన ఎవరి ప్రయోగమును ప్రమాణముగా చూపవలెను? శిష్టుల ప్రయోగమును. శిష్టులనగా ఎవరు? పృషోదరాది సూత్రభాష్యమున దీనికి సమాధానము ఉన్నది. ఆర్యావర్తమున నివసించువారు, కుండెడు ధాన్యముతో తృప్తి పొందువారు, లోభము లేనివారు, పైకి కనబడు స్వప్రయోజనము ఏదియు లేకయే సదాచారమున నడచువారు, ఏదేని యొక విద్యయందు పారము ముట్టినవారు. అష్టాధ్యాయి చదువకయే ఇట్టివాడు సాధురూపములను పలుకుచుండగా, చదివినవాడు విని ఆశ్చర్యపడునట. ఈ లక్షణములలో వ్యాకరణము చదువుట చేరలేదు. చేరినవానిలో 'అగృహ్యమాణకారణత్వము', అనగా ఫలాపేక్ష కానరాకుండుట, నా విచారమునకు ముఖ్యము. భాష్యకారుడు దీనిని ఆచారవిషయమున చెప్పెను. నేను దానిని మాటకు అన్వయించుచున్నాను. ఒకడు ఒక మాటను పలికినపుడు, ఆ మాటచేత అర్థము తెలుపుటకంటె వేరొక ప్రయోజనము, తన్ను గొప్పవానిగా చూపుకొనుట, కానవచ్చినచో, ఆ మాట వ్యాకరణసమ్మతమైనను శిష్టప్రయోగము కాజాలదు.

ఆచారమునందలి దంభమును మన పూర్వులు చక్కగా పట్టుకొనిరి. కృష్ణమిశ్రుని ప్రబోధచంద్రోదయమున దంభుడు కాశిలో ఆశ్రమము కట్టుకొని కూర్చుండును. అహంకారుడు దగ్గరకు రాబోగా, అతని చెమట బిందువులు గాలికి వచ్చి తగులునని దూరముగా నిలువుమందురు. తీరా చూడగా వారిద్దరును తాతమనుమలు. ఈ నాటకమును మనవారు ఇష్టపడిరి. నంది మల్లయ ఘంట సింగయలు 15వ శతాబ్దమున తెనుగు ప్రబంధముగా చేసిరి. క్షేమేంద్రుడు కళావిలాసమున మొదటి సర్గనే దంభమునకు ఇచ్చి, బ్రహ్మసభకు వచ్చిన దంభుడు బ్రహ్మ ఒడిలో కూర్చుండుటకు ముందు ఆ ఒడి మీదనే నీళ్లు చల్లినట్లు వ్రాసినాడు. ఎదుటివానిని దూరముగా నిలుపుట దంభమునకు గురుతు. భాషయందును ఇంతే.

ఇక తెలుగునకు వత్తును.

బెజవాడ మల్లేశ్వరాలయమున యుద్ధమల్లుని శాసనస్తంభము కలదు. పదవ శతాబ్దపు పూర్వార్ధమునాటిది, మధ్యాక్కరలలో వ్రాయబడినది. ఆ కాలపు శాసనములు చదివినవారికి ఱ అను అక్షరము వట్టి అలంకారము కాదని తెలియును. అది ఒక ధ్వని. దీనికి తోడు నేడు ళకారడకారములలో కలిసిపోయిన మరియొక ధ్వనియు, దానికొక లిపియు ఉండెను. తరువాతి కాలమున 'వాఁడు' అయిన మాట ఆ శాసనములలో 'వాన్ఱు' అని కనబడును. 'మూఁడు' నకు అరవమున నేటికిని 'మూన్ఱు' అనియే రూపము. అరసున్న ఆ పోయిన నకారము విడిచిన అడుగుజాడ. దీర్ఘము మీది నిండుసున్న తేలికపడి, పిమ్మట వినబడకుండ పోయినది. 'ఏఁడు' అనగా సంవత్సరము. బహువచనమున 'ఏండ్లు' అనునపుడు ఆ సున్న మరల తల యెత్తును. 'ఏడు' అనగా సంఖ్య. దానికి సున్న ఎన్నడును లేదు. అట్లే 'ఏఱు' అనగా నది, 'ఏరు' అనగా ఎడ్లుపూన్చిన నాగలి. మా కృష్ణాతీరపు రైతు రెండింటిని ఒక్క తీరుననే పలుకును. ఏరువాక పున్నమనాడు ఏది ఉద్దేశించుచున్నాడో ఎవరికిని సందేహము కలుగదు. తాళపత్రలేఖకులలో చాలమంది అరసున్నకు వేరు గురుతు పెట్టనే పెట్టరు. వ్రాతప్రతులు పరిష్కరించినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. ఈ వ్యాసమున నేను ఉదాహరణములయందు తప్ప అరసున్నను బండిఱాను వ్రాయుట లేదు. అవి నా చెవికి వినబడవు గనుక.

ఇట్లనుట చిన్నయసూరిని నిందించుట కాదు. ఈ నింద ఇటీవల సులభమైనది. నీతిచంద్రికను పూర్తిగా చదువనివారును చేయుచున్నారు. సూరికి పూర్వము తెలుగు వచనము లేకపోలేదు. రావిపాటి గురుమూర్తిశాస్త్రి విక్రమార్కుని కథలు 1819 లో అచ్చయినవి. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31 లో కాశికి పోయి వచ్చుచు దారిలోని వింతలను జాబులుగా వ్రాసెను. ఆ యాత్రాచరిత్రలోని భాష ఆయన నోటి భాషయే. ఐనను పాఠశాలలకును అచ్చునకును ఒక స్థిరమైన వచనము కావలెనని ఆ కాలమున తోచుట సహజము. సూరి చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలో పండితుడు. నీతిచంద్రిక 1853 లోను బాలవ్యాకరణము 1858 లోను వెలువడినవి. ప్రతి అరసున్నకును కారణము చెప్పగలవాడు, ద్రుతమెచటనో కళ యెచటనో కావ్యములన్నియు శోధించి సూత్రీకరించినవాడు, తాను శోధించి తెలిసికొన్న భాషలో తాను వ్రాసెను. దానియందు దంభము లేదు.

దంభము పుట్టినది తరువాతి తరమున, పరీక్షల వలన. నీతిచంద్రిక ఆదర్శమైనది, ఆదర్శమునకు ఎంత దగ్గరగా వ్రాసిన అంత పండితుడను భావము స్థిరపడినది. కావ్యములు చదివి ద్రుతమును గుర్తించుటకు పదియేండ్లు పట్టును. అరసున్నను చల్లుటకు దినమైన పట్టదు. పరుషమును సరళముగా మార్చిన పాండిత్యమువలె కనబడును గనుక, మార్పు రాని కళల మీద కూడ మార్చిరి. తెలుగు పదముల మీది సంస్కృతపరుషములు మారవని సూరి స్పష్టముగా చెప్పియుండగా, 'వాఁడు కర్త' అనవలసినచోట 'వాఁడు గర్త' అనిన ప్రౌఢముగా నుండుననుకొను పిల్లవాండ్రు బయలుదేరిరి. 'ఏడు దినములు' అని వ్రాయవలసినచోట అందమునకై అరసున్న నుంచినచో వారము సంవత్సరమగును. 'ఏరువాక'కు బండిఱా తగిలించినచో నాగలి ఏటిలో పడును. ఇదియే భాషాదంభమును పట్టుకొను సాధనము. ఎరిగి వ్రాసినవాడు కావలసినచోటనే వ్రాయును. ఎరుగక, ఎరిగినట్లు కనబడవలెనని వ్రాసినవాడు అక్కరలేనిచోటను వ్రాయును. తప్పు తక్కువవలన కాక ఎక్కువవలన వచ్చిన, అచట దంభము ఉన్నదని అనుమానింపవచ్చును.

ఈ సందర్భమున కొక్కొండ వేంకటరత్నము పంతులుగారిని తలపక తప్పదు. 1871 లో ఆంధ్రభాషాసంజీవనిని స్థాపించిన మహామహోపాధ్యాయుడు. ఇంటను బయటను గ్రాంథికముననే మాటలాడెడివారని ప్రసిద్ధి. ఆ ప్రసిద్ధినిబట్టి ఎన్నియో హాస్యకథలు పుట్టినవి. ఆయనది దంభమని నేననజాలను. సభలో ఒక తీరు, వంటయింటిలో ఒక తీరు మాటలాడువాడు దాంభికుడు. రెండుచోట్లను ఒక్కతీరున మాటలాడినవానిది ఒక వ్రతము. వ్రతము వింతగా ఉండవచ్చును. నవ్వవలసినది ఆయనను చూచి సభవరకు మాత్రము అనుకరించినవారిని.

వీరేశలింగము పంతులుగారు ఈ పంతులుగారికి పోటీగా హాస్యసంజీవనిని నడపిరి. పోటీ పెట్టినవారును యౌవనమున ఇదే గాలి పీల్చినవారు. వారి తొలి కృతులలో శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధమొకటి. సంస్కృతశబ్దము ఉండరాదు, వచనము ఉండరాదు, పెదవులు కలియరాదు. వీనిమధ్య నలుని కథ నడువవలెను. పెదవులు కదపక ఆ కథ చెప్పవలసిన అవసరము ఎవరికి కలిగినదో తెలియదు. నీతిచంద్రికకు తరువాయిగా వారు వ్రాసిన విగ్రహమును సూరి మార్గముననే నడచినది. రాజశేఖరచరిత్రము 1880 లో పుస్తకమగునాటికి శైలి నేలకు దిగినది. ప్రహసనములలో పాత్రలు తమ తమ భాషలు మాటలాడిరి. తుదకు 1919 లో, తమ జీవితపు కడపటి నెలలలో, వర్తమానవ్యావహారికమునకై రాజమహేంద్రవరమున ఏర్పడిన సమాజమునకు వారు అధ్యక్షులైరి. తన శైలిని తానే ఇన్నిమారులు విడిచినవాడు మన వాఙ్మయమున మరియొకడు నాకు కనబడడు. ఇది సామాన్యమైన ధైర్యము కాదు.

పండితులు అరసున్నతో చేసిన పనిని క్రొత్త విద్యావంతులు ఇంగ్లీషుతో చేసిరి. 1892 లో విజయనగరమున ప్రదర్శితమై 1897 లో అచ్చయిన కన్యాశుల్కమున గిరీశము చేయునది ఇదియే. వెంకటేశము తల్లి ముచ్చటపడి కొడుకును ఇంగ్లీషున మాటలాడుమనగా, గురుశిష్యులిద్దరును పాఠ్యపుస్తకములలోని తునకలను ప్రశ్నోత్తరములవలె ఒకరికొకరు అప్పగింతురు. ఆమె మురిసిపోవును. ఆ సంభాషణమునకు అర్థము లేదు; ఫలము మాత్రము ఉన్నది. వినువారికి తెలియదనుట మీదనే దాని ప్రతిష్ఠ ఆధారపడియున్నది. గురజాడ అప్పారావుగారు ఇంగ్లీషు ఎరుగనివారు కారు, సంస్కృతమునకు శత్రువులును కారు. ఆ రెండింటి నకిలీలను గుర్తించుటకు తగిన చెవి వారికి ఉండెను.

తరువాతి వివాదము పాఠకులకు విదితమే గనుక విస్తరింపను. 1907 లో పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన ఏట్సు దొర జనుల తెలుగునకును పుస్తకముల తెలుగునకును గల దూరమును గూర్చి ప్రశ్నించుట, గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ ప్రశ్నను పట్టుకొనుట, 1911 లో ఆంధ్రసాహిత్యపరిషత్తు చెన్నపురిలో పుట్టుట, 1914 లో గురజాడవారి అసమ్మతిపత్రము, 1924 లో పరిషత్తు కాకినాడలో వ్యావహారికముపై నిషేధమును తొలగించుట, ఇవి దాని మజిలీలు. రామమూర్తి పంతులుగారి పద్ధతి మాత్రము చెప్పదగినది. వారు గ్రాంథికమును నిందించుటతో తృప్తిపడలేదు. గ్రాంథికవాదుల పుస్తకములనే తెరచి, వారు పెట్టుకొన్న సూత్రములను వారే ఎచటెచట తప్పిరో ఎత్తి చూపిరి. సారథి పండితుని తిట్టును సవరించిన పద్ధతియే ఇది. వారు ఆ భాషకు పెట్టిన 'కృతకగ్రాంథికము' అను పేరులో విశేషణమే ప్రాణము. కవిత్రయపు భాషను వారెన్నడును కృతకమనలేదు.

ఎదుటి పక్షమును గూర్చియు ఒక మాట న్యాయముగా చెప్పవలెను. పరిషత్తు వ్రాతప్రతులను సేకరింపకున్న ఎన్ని కావ్యములు చెదలపాలయ్యెడివో! సూర్యరాయాంధ్రనిఘంటువు లేకున్న ఈ వ్యాసమును వ్రాయువాడు కూడ అడుగడుగున తడబడును. జయంతి రామయ్య పంతులుగారు శాసనపరిశోధకులు; పైన చెప్పిన బెజవాడ యుద్ధమల్లశాసనమును పరిష్కరించి ప్రకటించినవారు వారే. ఱకారము ధ్వనిగా బ్రతికియున్న నాటి రాతను వారు తమ కన్నులతో చూచిరి. ఆ అక్షరముల మీద వారికి గల మమకారము జ్ఞానమువలన కలిగినది. బడిపిల్లవాని చేత అదే అక్షరమును, ధ్వని పోయిన చాలకాలమునకు, బెత్తముతో వ్రాయించుట మాత్రము వేరు విషయము. ఒకరి జ్ఞానము మరియొకరికి వేషమగుట ఇచటనే.

గ్రాంథికము ఓడిన పిమ్మట దంభము పోయెనా? అరసున్న పోయినది, దాని స్థానమున వత్తు వచ్చినది. బందరు బాటవెంట ఉయ్యూరు నుండి బెజవాడవరకు పలకలు చదువుచు పోయినచో, 'ఆస్తి' 'ఆస్థి'యై కనబడుచుండును. ఎముకలు అమ్మకమునకు పెట్టిరేమో యని సంస్కృతము చదివినవాడు ఉలికిపడును. 'ఉచ్చారణ' 'ఉచ్ఛారణ'యగుచున్నది, 'దృఢము' 'ధృఢ'మగుచున్నది, 'బాధ' మొదటి అక్షరమునకే వత్తు తెచ్చుకొని 'భాధ' యగుచున్నది. నోరు పలుకని వత్తును చేయి వ్రాయుచున్నది; పాండిత్యమువలె కనబడును గనుక. శుభలేఖలలో 'సకుటుంబసపరివారసమేతముగా' రమ్మందురు. 'స' యనుటలోనే 'తోడ' అను అర్థము ఉండగా మరల 'సమేత' మెందులకు? ఐనను దీనిని నేను తప్పుపట్టను. పిలుపులో ప్రేమ ఎక్కువైన పునరుక్తి దోషము కాదు.

ఇంతకంటె బరువైనది ఇంకొకటి కలదు. అది మా జిల్లాల వారికే చెందినది. వ్యావహారికము గెలిచినపుడు ఎవరి వ్యావహారికము గెలిచెను? కృష్ణా గుంటూరు గోదావరి మండలములలో చదువుకొన్నవారి మాట శిష్టవ్యావహారికమను పేర పుస్తకములకును పత్రికలకును చలనచిత్రములకును ఎక్కినది. ఉద్యమమును నడిపిన గిడుగువారును గురజాడవారును కళింగదేశమువారు; ఫలము మాత్రము డెల్టాకు వచ్చినది. అచ్చుకూటములు, పత్రికలు, చిత్రనిర్మాతలు ఈ వైపువారగుట దీనికి కారణము గాని, మా నోటిలో ప్రత్యేకమైన సాధుత్వము ఉండుట కాదు. తరువాత జరిగినది అందరును చూచినదే. ఏండ్ల తరబడి వెండితెర మీద తెలంగాణపు మాట హాస్యగానికిని దుష్టునికిని ఇచ్చి, నాయకునకు మా మాట ఇచ్చిరి. ఆ ప్రాంతమునుండి వచ్చిన విద్యార్థి తరగతిలో 'వచ్చిండు' అనగా తక్కినవారు నవ్విరి. ఉపాధ్యాయుడును నవ్విన సందర్భములు ఉన్నవి. ఆ పిల్లవాడు నవ్వునకు వెరచి 'వచ్చాడు' అనుట నేర్చి, సెలవులకు ఇంటికి పోయి మరల 'వచ్చిండు' అనును. తాను కోరని దంభమును అతని నెత్తిన మనమే పెట్టితిమి. వేషము కట్టించినవారిని విడిచి కట్టినవానిని తప్పుపట్టుట న్యాయము కాదు.

ఆ రెండు రూపములను వ్యాకరణదృష్టితో చూచినచో ఏమి కనబడును? 'వచ్చినవాఁడు' నుండి 'వచ్చినాఁడు', దానినుండి 'వచ్చినాడు' ఏర్పడినవి. భూతకాలమును తెలుపు నకారము 'వచ్చిన' అనుటలోనిది. మేము నిత్యము పలుకు 'వచ్చాడు'లో ఆ నకారము పూర్తిగా లోపించినది. 'వచ్చిండు'లో అది డకారమునకు ముందు బిందువై నిలిచియున్నది. చిన్నయసూరి ఎదుట ఈ రెండు రూపములను ఉంచి, వీనిలో ప్రకృతిని ఎక్కువగా నిలుపుకొన్నదేదని అడిగినచో, ఆయన చూపెడిది మాది కాదు. ఉత్తరాంధ్రమున ఇంకను వినవచ్చు 'వచ్చినాడు' సంగతి చెప్పనే అక్కరలేదు. ఈ మూడు రూపములు ఏ యే గ్రామములయందు ఎట్లు వినబడునో, ఎచట ఒకటి ముగిసి మరియొకటి మొదలగునో, పాఠశాలాపండితులు తమ తమ ఊళ్లలో విని వ్రాసి పంపినచో, రాబోవు సంచికలకు తగిన పని దొరకును. ఉయ్యూరు పరిసరముల చెరకుతోటలలో పనికి వచ్చు కూలీల మాటలతో నేను ఆ పట్టికను మొదలుపెట్టితిని.